మొసలి తాత

నది గట్టున బోర్డు మీద ఆరేసిన తువ్వాలు మళ్లీ మడతపెట్టి కారు బానెట్ మీద ఉంది.

"ఆ ముసలాయన పనే," అన్నాడు బాలమురళి. "ఆయన్ని ఈ తువ్వాలేం చేసింది?"

జులై సెలవులకు బాలమురళి, భార్య సాహిత్య, ఎనిమిదేళ్ల కూతురు అక్షర మెల్బోర్న్ నుంచి డార్విన్‌కు విమానంలో వచ్చారు. నెత్తిన గుడారం ఉన్న కారు అద్దెకు తీసుకుని, రెండు రోజులు ఎర్రమట్టి దారిలో నడిపి ఈ నది ఒడ్డుకు చేరారు.

దారిలో చిన్న కంగారూల్లాంటి వాలబీలను చూశారు, మనిషెత్తు చెదపుట్టలు చూశారు. మొసలి బొమ్మ ఉన్న బోర్డులైతే అడుగడుగునా ఉన్నాయి. పదో బోర్డు దాటాక చూడటం మానేశారు. పదకొండోది ఇక్కడ తువ్వాలు ఆరేసుకోవడానికి వాటంగా దొరికింది.

నీళ్లలోకి దిగే బాటకు అడ్డంగా కుర్చీ వేసుకుని, గాలం పట్టుకుని కూర్చుంటాడు ఆ ముసలాయన. పేరు రే అని చెప్పాడు.

బాలమురళి అంట్లగిన్నెలతో వస్తే చాలు, "ఇక్కడొద్దు మేట్. మొసళ్లుంటాయి. ట్యాప్ అటుంది," అంటాడు.

బాలమురళి కోనసీమలో కాలువగట్టున పుట్టినవాడు. ఎదురుగా పారే నీళ్లుండగా కుళాయి దగ్గర గిన్నెలు తోమడం అతనికి నామోషీ.

"గోదావరి ఈదినోణ్ణి, నాకు చెబుతాడేంటి? నదేమన్నా ఈయన అత్తారిచ్చారా?" అని గొణుక్కుంటూ పక్కనుంచి దిగేవాడు.

సాహిత్యకు మాత్రం ఆయన సంగతి అంతు చిక్కలేదు.

"ఏవండీ, మూడు రోజుల్లో ఒక్క చేప పట్టలేదాయన. గాలానికి ఎర కూడా లేదు. మీరు నీళ్లలో చెయ్యి పెట్టగానే లేచి నిలబడతాడు. ఎందుకంటారు?"

"పనిలేక."

"నిన్న పాపకి ఏజ్ ఎంతని అడిగాడు. ఎనిమిదని చెప్పాను. ఇంక మాట్లాడలేదు."

ఇంతలో అక్షర పరుగెత్తుకొచ్చింది. "డాడ్, కెన్ ఐ..."

"ఊఁహూఁ. తెలుగు!"

ట్రిప్ అయ్యేదాకా ఇంగ్లీషు మాట్లాడకూడదని బాలమురళి పెట్టిన రూలు.

అక్షర మాటలు కూడబలుక్కుంది. "నాన్నా, మొసలి తాత దగ్గరికి వెళ్లొచ్చా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

"మొసలి కాదమ్మా, ముసలి."

"అదే. మొసలి తాత."

బయల్దేరే రోజు పొద్దున కుర్చీ ఖాళీగా ఉంది. రే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్నాడు. ఇదే అదనని బాలమురళి తువ్వాలు బోర్డు మీద పడేసి, రాత్రి కోడికూర గిన్నె తీసుకుని దిగాడు. తల వంచుకుని అడుగంటిన మసాలా గీకుతున్నాడు.

గట్టు మీంచి అక్షర అరిచింది. "నాన్నా! మొసలి!"

"ముసలి అనాలమ్మా," అన్నాడు తలెత్తకుండానే.

"మొసలి వస్తోంది నాన్నా!"

"వస్తోంది కాదు, వస్తున్నారు అనాలి. పెద్దాయన కదా."

వెనకనుంచి ఒక చెయ్యి అతని కాలర్ పట్టుకుని ఒక్క ఊపున గట్టు మీదికి ఈడ్చింది. అతను కూర్చున్న చోట నీళ్లు భళ్లున లేచాయి. కూరగిన్నె మళ్లీ కనబడలేదు.

"నేను కరెక్ట్‌గానే చెప్పాను!" అని అక్షర వెక్కి వెక్కి ఏడ్చింది.

రే మోచెయ్యి రాళ్లకు గీరుకుని రక్తం కారుతోంది. "బాగానే ఉన్నావా మేట్?" అని అడిగాడు. బాలమురళి తలూపాడు.

"మీరు ఇవాళ వెళ్తున్నారుగా. ఇక నేనూ వెళ్తాను," అన్నాడు రే.

వాళ్లు పాపను ఊరుకోబెట్టి తిరిగి చూసేసరికి కుర్చీ లేదు. ఆయన వ్యాను ఎర్రదుమ్ములో మలుపు తిరుగుతోంది. థాంక్స్ అన్న ఒక్క మాట బాలమురళి నోట్లోనే ఉండిపోయింది. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

సాహిత్య వెళ్లి తువ్వాలు తీసింది. మొసలి బొమ్మ కింద ఒక చిన్న ఇత్తడి పలక ఉంది. మూడు రోజులూ ఆరేసినప్పుడల్లా తువ్వాలు అంచు దాని మీదే వేలాడింది.

"ఇంగ్లీషులో ఉంది. చదవొచ్చా నాన్నా?" అని అడిగింది అక్షర.

"చదువమ్మా."

అక్షర వేలు పెట్టి, ఒక్కో మాటా చదివింది. 'ఎల్లీ, ఎనిమిదేళ్లు. ఇక్కడే పోయింది. మీ పిల్ల పిలిస్తే తలెత్తి చూడండి. నేను చూడలేదు. ఇట్లు, ఎల్లీ నాన్న, రే.'