రిమోట్ అక్క

“లైట్లు ఆర్పమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? ఆ మిషన్ మాడిపోతే పాపం మీదే!”

షూటింగ్ ఫ్లోరంతా ఉలిక్కిపడింది. ఏనాడూ గొంతెత్తని రిమోట్ అక్క, చానల్ పెద్దల ఎదుటే మేనేజరు మీద విరుచుకుపడింది.

మేనేజరు పళ్లు నూరాడు. “నోర్ముయ్ అక్కా. వాళ్లకి నచ్చితేనే సీరియల్. లేదంటే ఈ పైలట్ ఎపిసోడ్‌తోనే అందరం మూటాముల్లె సర్దుకోవాలి. షాట్ అయ్యేదాకా రోబో అక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు.”

నచ్చడానికి ఏముంది? అంతరిక్ష నౌక అట్టముక్క. గ్రహాలు థర్మోకోల్ ఉండలు. ఉన్న సరుకల్లా రోబో ఒక్కటే. విదేశీ యంత్రమని మేనేజరు ఊరంతా చాటాడు. ఎవరినీ ముట్టుకోనివ్వడు. తుడిచేదీ, గదిలో పెట్టి తాళం వేసేదీ అక్కే. ఆమె రిమోట్ నొక్కితే నడిచేది, నొక్కితే ఆగేది.

అందుకే ఆమెకు తోడెవరూ లేకుండా పోయారు. భోజనాలప్పుడు అందరూ ఒకచోట చేరితే, ఆమె లోపల గడియ పెట్టుకుని దాని ఎదుట కూర్చునేది. తలుపు సందులోంచి ఆమె గొంతొక్కటే వినపడేది. పిల్లదాని దగ్గు, కారుతున్న ఇంటికప్పు, పక్కింటావిడ పోట్లాట.

“మీ ఆయనతోనైనా ఇన్ని కబుర్లు చెబుతావా అక్కా?” లైట్‌మేన్ ఒకసారి వేళాకోళమాడాడు.

“ఇంటికెళ్తే ఆయన పడి నిద్రపోతాడు తమ్ముడూ. ఇదైతే వింటుంది.”

సెట్టంతా ఆ మాట చెప్పుకుని పడీపడీ నవ్వింది.

ఇప్పుడు కెమెరాలో రొద పడుతుందని ఏసీ కూడా ఆపేశారు. చానల్ పెద్దాయన రోబో ఛాతీ తట్టి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. “అబ్బో, ఇంజను బాగా వేడెక్కిందే!”

“కాస్త ఓర్చుకో,” అక్క దాని చెవి దగ్గర గొణిగింది. ఎవరో కిసుక్కుమన్నారు.

దాని చెయ్యి వణికింది. ఒక్క అడుగు వేసింది. అంతే, దబ్బున వెల్లకిలా పడింది.

“కొంప మునిగింది,” మేనేజరు తల పట్టుకున్నాడు. “అంత మిషన్ పోయింది!”

అక్క రిమోట్ విసిరికొట్టింది. స్క్రూడ్రైవర్ నోట కరుచుకుని ఆ బరువును ఒంటరిగా పక్కకు తిప్పబోయింది. కదల్లేదు. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుని అందరి వైపూ తిరిగింది.

“గుడ్లప్పగించి చూస్తారేంటి, వచ్చి బోర్లా తిప్పండి, ఆ వీపు మరలు విప్పండి, లోపలున్నది మా ఆయన!”