ఒక్క ఇల్లు తక్కువ

“ఒక్క ఇల్లు! ఒక్కటంటే ఒక్క ఇల్లు తక్కువైంది. నన్నేం చేయమంటారు?” అంటూ పైనుంచి వచ్చిన అధికారి చేతులెత్తేశాడు.

పంచాయతీ హాలంతా గోలగోలగా అయింది. కూలి పని మీద బతికే ఇళ్లు నూట ఇరవై ఉంటే ఊరు ఊరుగానే ఉంటుంది. లేదంటే పక్కనున్న సిటీలో కలిసిపోతుంది. కలిస్తే పంచాయతీ ఇచ్చే కాలవ పూడికతీత పని ఆ రోజుతో బంద్. సర్వేలో తేలినవేమో నూట పంతొమ్మిది.

“ఊళ్లో సగం మంది పారలు పట్టేవాళ్లేగా! నూట పంతొమ్మిదేంటండీ?” ప్రెసిడెంటు మండిపడ్డాడు.

“మీవాళ్లు చెప్పిందే రాశారు. ఈ కాగితాల ప్రకారం మీ ఊరి నిండా మేనేజర్లు, సూపర్‌వైజర్లే! మా ఆఫీసులో కూడా ఇంతమంది లేరు. ఎవరైనా తప్పు చెప్పి ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి, దిద్దిస్తాను. సాయంత్రానికి ఈ కట్ట పైకి వెళ్లిపోతుంది.”

ఎవరి కాలివేళ్లు వాళ్లు చూసుకుంటూ కూర్చున్నారు.

మూడో వరసలో ఉన్న సూపర్‌వైజరు ముందు కుర్చీ వెనక తల దాచుకున్నాడు. ఊళ్లో అతన్ని అందరూ అలాగే పిలుస్తారు, సగం ఎగతాళిగా. కొడుకు పెళ్లి మాటల్లో వియ్యంకుడి ముందు గొప్పకు పోయి, సిటీ గోడౌన్‌లో సూపర్‌వైజర్‌నని అనేశాడు. అన్నాక నిలబెట్టుకోవాలిగా! రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సిటీ బస్సెక్కుతాడు. రెండో స్టాపులో దిగిపోయి, పంపు షెడ్డులో చొక్కా దాచి, పార భుజాన వేసుకుని కాలవలోకి దిగుతాడు. పక్కన మట్టి ఎత్తేవాళ్లలో ఒక మేనేజరు, ఇద్దరు ఇన్‌ఛార్జీలు కూడా ఉన్నారు. ఒకరి గుట్టు ఇంకొకరి దగ్గరుంది కాబట్టి ఎవరూ నోరు విప్పరు.

సర్వే అమ్మాయి ఇంటికొచ్చి “ఏం పని చేస్తారండీ?” అని అడిగిందో లేదో, కోడలు మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. అంతే, “సూపర్‌వైజర్” అన్న మాట నోట్లోంచి ఊడిపడింది. పిచ్చిపిల్ల, నమ్మేసింది! ఆ మర్నాటి నుంచి అతని క్యారియర్‌కి ఇంకో గిన్నె కూడా తగిలించింది.

“కుర్చీలో కూర్చునేవాడికి ఇంత అన్నమెందుకమ్మా?” అంటే, “తినండి మామయ్యా, ఎండలు ముదిరాయి” అంది. ఉద్యోగానికిచ్చే మర్యాద కాబోలని పొంగిపోయాడు.

ఆ కోడలే ఇప్పుడు ఆడవాళ్ల వరసలో అత్తగారి పక్కన కూర్చుని ఉంది.

లేస్తే ఆ పిల్ల ముందు పరువు మంటగలిసిపోతుంది. లేవకపోతే కాలవ పని పోతుంది. యాభై దాటినవాణ్ణి సిటీ కూలీల అడ్డా మీద ఎవడు పిలుస్తాడు? అక్కడ కుర్రాళ్లకే దిక్కు లేదు.

“ఇక కట్టేయనా?” అధికారి కాగితాలకు దారం చుట్టబోయాడు.

పక్కనున్న మేనేజరు మోచేత్తో పొడిచాడు. “లేవరాదూ?”

“నువ్వే లేవరాదూ?”

“మా అల్లుడొచ్చాడయ్యా! అదిగో, కిటికీ దగ్గర!”

సూపర్‌వైజరు కుర్చీ పట్టుకుని లేచాడు. “సార్... నాది తప్పు రాశారు.”

“రాశారా, చెప్పారా?”

“చెప్పాను సార్. అబద్ధం చెప్పాను. నేను కాలవలో మట్టి ఎత్తుతాను. ఆ గోడౌన్ ఎటువైపు ఉంటుందో కూడా నాకు తెలీదు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. అతనికి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఆడవాళ్ల వైపు చూసే ధైర్యం లేక గోడ గడియారాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఛీ, కోడలి ముందు ఇదేం ఖర్మ!

పక్క కుర్చీ కిర్రుమంది. “నాదీ అంతే సార్” అన్నాడు మేనేజరు, కిటికీ వైపు చూడకుండా. ఆ వెనకే ఇన్‌ఛార్జీలిద్దరూ లేచారు. పది నిమిషాలు తిరక్కుండానే పద్నాలుగు మంది తేలారు. ఊరు గట్టెక్కింది.

“అందరికంటే ముందు లేచావు, మొనగాడివయ్యా!” ప్రెసిడెంటు భుజం తట్టాడు. అతనికి అవేవీ చెవికెక్కలేదు. ఇంటికెళ్లి ఆ పిల్లకు మొహం ఎలా చూపించాలన్నదే అతని బాధ. రేపు చొక్కా ఇస్త్రీ చేసి చేతికిస్తే ఏమని తీసుకోవాలి?

సర్వే అమ్మాయి ఒక్కొక్కరినీ పిలిచి కాగితాలు దిద్దుతూ సంతకాలు పెట్టించుకుంటోంది. అతని వంతు వచ్చింది. కాగితం చూసి ఆమె పెన్ను మూసేసింది.

“మీది దిద్దక్కర్లేదండీ. ఆ నూట పంతొమ్మిదిలో మీ ఇల్లు ముందే ఉంది.”

“అదెలా అమ్మా? నా నోటితో నేనే సూపర్‌వైజర్‌నని చెప్పానుగా!”

ఆమె ఆడవాళ్ల వరస వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

“మీరు చెప్పిందే రాసుకుని వెళ్లానండీ. సందు చివరికి చేరానో లేదో, మీ కోడలు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. ‘మా మామయ్య కూలికే వెళ్తారు, అలాగే రాయండి, నాకు తెలుసని మాత్రం ఆయనకు తెలియనీయకండి, సిగ్గుపడతారు’ అని సంతకం పెట్టి వెళ్లింది.”