కొత్త బూట్లు కరిచిన రోజు

“ఎక్కన్నా, మైపాడు గేటు దాకా దింపేస్తా!”

పొగతోట ఆసుపత్రుల వీధిలో పొద్దున్నే బేరం తగిలిందని ముఖేష్ సంబరంగా ఆటో ఆపాడు. గంగాభవాని బట్టల సంచి లోపల పెట్టేసింది కూడా. ఆమె మొగుడు పెంచల్ మాత్రం మంచు కమ్మిన రోడ్డును కాసేపు చూసి, “నేను నడుస్తా,” అన్నాడు.

“ఇదేం చోద్యం మామా? ఇంటికి పోదామంటివి గదా!”

“పెన్న దాకా పోయొద్దాం. నువ్వు ఆటోలో రా.”

“నువ్వు నడస్తా ఉంటే నేను ఆటోలో ఊరేగాల్నా?” ఆమె సంచి తీసేసుకుంది.

ముఖేష్‌కు ఒళ్లు మండింది. అయినా వీధిలో వేరే బేరం లేదు. మలుపు తిరిగేలోగా వాళ్లే పిలుస్తారులే అని మెల్లగా వెనకే పోనిచ్చాడు.

పెంచల్ కొత్త ప్యాంటు, కొత్త బూట్లు వేసుకుని, కాళ్లు ఎడంగా పెట్టి తూగుతూ నడుస్తున్నాడు. పొద్దున్నే మందు వేసినట్టున్నాడు అనుకున్నాడు ముఖేష్. ట్రంకు రోడ్డుకొచ్చేసరికి ఆ నడక కుంటుగా మారింది.

“బూట్లు కరస్తా ఉండాయా?” అంది భవాని.

“ఎడమది పీక్కు తింటా ఉండాది.”

“కుడిది?”

“దానికేం, రాజాలా ఉండాది!”

భవాని ఫక్కున నవ్వింది.

గాంధీబొమ్మ దగ్గర టీ కొట్టు ముందు ఆగారు. “కూర్చోన్నా,” అంటూ ముఖేష్ కూడా ఆటో దిగి బల్ల చూపించాడు.

“కూర్చోగూడదబ్బయ్యా. మా బోటు ఓనరు చిన్నపోలయ్యన్న రాత్రి ఫోన్ చేసినాడు. బోటులో నా చోటు ఇంకోడికి ఇస్తాడంట. ఏడాదిగా ఇంట్లో పడుకున్నోడివి, అలల మీద యాడ నిలబడతావు అన్నాడు. కూర్చోకుండా పెన్న దాకా నడిస్తే చాలు, నిలబడగలనని నాకైనా తెలస్తాది.”

ఒళ్లొంచని మనిషికి ఇప్పుడొచ్చిందన్నమాట పౌరుషం! ముఖేష్ లోపలే నవ్వుకున్నాడు.

కానీ పెంచల్ ఆగలేదు. మంచులోంచి తేలి వస్తున్న బస్సులను, పూల బుట్టలను, దోసెల పొగను పసివాడిలా చూస్తూ పోయాడు. “ఇన్నేండ్లూ టెంపోలో చేపలతో వచ్చి చేపలతో పోయినా. మన నెల్లూరు ఇంత బాగుంటాదని నాకేం తెలుసే!” అన్నాడు. సంతపేటలో కుడి బూటు నీళ్ల గుంటలో మునిగినా చూసుకోలేదు. చలిలోనూ అతని చొక్కా చెమటకు తడిసిపోయింది. ముఖేష్ రెండుసార్లు హారన్ కొట్టి పిలిచాడు. పెంచల్ నవ్వి చెయ్యి ఊపాడే గానీ ఎక్కలేదు. ముఖేష్‌కు తెలియకుండానే కోపం పోయి, ఈ మనిషి పెన్న చేరాలని మనసు కోరుకోసాగింది. రంగనాయకుల గుడి గోపురం కనబడగానే తనే ముందు ఈల వేశాడు.

“గెలిచినావన్నా! ఇంక బోటెక్కినట్టే!”

“యాడ? అసలు పరీక్ష ఇప్పుడుండాది,” అని పెంచల్ ఏటి ఒడ్డుకు దిగాడు. “బోటంటే మాకు గంగమ్మ. చెప్పులూ బూట్లతో ఎక్కం. ఒట్టి కాళ్లతో నిలబడాల.”

బెస్తవాడికి ఒట్టి కాళ్లతో నిలబడటం కూడా ఒక పరీక్షా? ముఖేష్‌కు అర్థం కాలేదు.

పెంచల్ భార్య భుజం పట్టుకుని ఎడమ బూటు విప్పాడు. మడమ పొక్కి రక్తం కారుతోంది. నీటి అంచున కాలు పెట్టి, “అబ్బా, చలి!” అన్నాడు.

“ఆ రెండోది కూడా తీసెయ్యన్నా, అది కూడా పొక్కుంటాది.”

“దానికి పొక్కడం తెలీదబ్బయ్యా.”

భవాని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెంచల్ వంగి రెండో బూటు లాగేశాడు. ఆమె భుజం మీది చెయ్యి తీసేసి, నిటారుగా నిలబడ్డాడు.

తడి ఇసుకలో గట్టిగా మోపిన ఆ కుడి పాదం రబ్బరుది.