అప్పగింతల పుస్తకం

"ఇక్కడ సంతకం పెట్టు," అంటూ మేనేజరు పుస్తకాన్ని బల్ల మీదుగా ఇటు తోశాడు.

అది ముప్పై రెండో పేజీ. పైన ‘ఆస్పత్రి లిఫ్టులు’ అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఏ లిఫ్టు తాళ్లు ఎప్పుడు మార్చాలి, మధ్యలో ఆగిపోతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ డాక్టరు తిడితే ఎంతసేపు ఓర్చుకోవాలి, అన్నీ వివరంగా ఉన్నాయి. అడుగున ‘నేర్చుకున్నాను, ఇకపై నేనే చూసుకుంటాను’ అన్న వాక్యం కింద డిప్యూటీ సంతకం పెట్టాడు.

"అమ్మయ్య, ఇంకో బరువు దిగింది. ఇంకెన్ని ఉన్నాయి?"

"ఎనిమిది పేజీలండీ."

"అంతేగా! నలభై పూర్తికాగానే రాజీనామా ఇచ్చేస్తాను. ఈ కుర్చీ నీది."

అది లిఫ్టుల మరమ్మతులు చూసే కంపెనీ శాఖ. మేనేజరుకు యాభై ఒకటి. ముసలివాడయ్యేదాకా గానుగెద్దులా తిరగడం తనవల్ల కాదనీ, ఒంట్లో ఓపిక ఉండగానే ఉద్యోగం మానేసి హాయిగా బతకాలనీ ఆయన పంతం. ఏడాదిన్నర కిందట వేరే శాఖ నుంచి బదిలీ మీద డిప్యూటీ వచ్చినరోజే ఆ సంగతి చెప్పి, కొత్త పుస్తకం తెరిచాడు. ఆఫీసులో అందరూ దాన్ని అప్పగింతల పుస్తకం అంటారు. స్టోర్స్ గుమాస్తా అయితే మొదటి వారంలోనే నవ్వుతూ "కాబోయే మేనేజరు గారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు చెవికి ఎంత ఇంపుగా ఉండేదంటే, డిప్యూటీ మొహమాటానికి కూడా వద్దనలేదు.

సంతకం పడిన పేజీ జోలికి మేనేజరు మళ్లీ వెళ్లేవాడు కాదు. ఒక్కో పేజీతో ఒక్కో పని నెత్తిన పడి, డిప్యూటీకి తల గోక్కునే తీరిక లేకుండా పోయింది. మేనేజరు మాత్రం మూడు కొట్టగానే సంచీ భుజాన వేసుకునేవాడు.

"ఖాళీగా ఉండటం కూడా అలవాటు చేసుకోవాలయ్యా. ఉన్నపళంగా మానేస్తే పిచ్చెక్కిపోతుంది," అనేవాడు.

నిజమే కదా అనిపించేది డిప్యూటీకి.

అతని భార్యకు మాత్రం ఓపిక నశించింది. ఆ ఉదయం క్యారేజీ చేతికిస్తూనే మొదలుపెట్టింది.

"మీ సార్ రిటైరయ్యేలోపు మీరే రిటైరయ్యేలా ఉన్నారు. పాప మిమ్మల్ని ఆదివారం వచ్చే చుట్టం అనుకుంటోంది. మీ స్నేహితుడు రమ్మంటున్నాడుగా, వెళ్లిపోండి."

ఆ స్నేహితుడు ఇంకో లిఫ్టు కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. వాళ్ల శాఖకు మేనేజరు కావాలి. ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా ఏ సంగతో తేల్చమన్నాడు.

"ఏడాదిన్నర ఓర్చుకున్నాను. తీరా ఒడ్డుకు చేరేముందు పడవ దిగమంటావా?"

"అయితే ఆయన్ని తేదీ అడగండి. త్వరలో, దగ్గర్లో అంటే కుదరదు. తేదీ చెప్పకపోతే ఇవాళే కొత్త ఉద్యోగానికి సరేననండి."

నాలుగున్నరకు డిప్యూటీ మేనేజరు ఇంటి గేటు తీశాడు. మేనేజరు వరండాలో కూర్చుని చెక్కకు చిత్రిక పడుతున్నాడు. ఇంటినిండా ఆయన చేసిన కుర్చీలే. వరండాలో నాలుగు, హాల్లో ఆరు, మెట్ల కింద ఒకదానిమీద ఒకటి పేర్చినవి మరికొన్ని. ఇన్ని చేశాడంటే ఈయన మనసు ఎప్పుడో ఆఫీసు వదిలేసిందని డిప్యూటీకి ధైర్యం వచ్చింది.

"సార్, నాకో తేదీ కావాలి."

"ఏం తేదీ?"

"మీరు మానేసే తేదీ." డిప్యూటీ దాచుకోకుండా స్నేహితుడి సంగతంతా చెప్పేశాడు.

మేనేజరు చేతిలో పని ఆగిపోయింది. ఆయన మొహంలో అంత కంగారు డిప్యూటీ ఎన్నడూ చూడలేదు.

"వెళ్లిపోతావా? నీలాంటివాడు నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతాడయ్యా!"

"తేదీ చెబితే ఉంటాను సార్."

"మార్చి ముప్పై ఒకటి. రాసుకో. ఆ మర్నాటి నుంచి ఆఫీసు గుమ్మం తొక్కితే అడుగు!" మేనేజరు లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిన్ను చూసుకునే కదయ్యా నేను నిశ్చింతగా ఉన్నాను."

ఇలాంటి మనిషిని అనుమానించినందుకు డిప్యూటీకి సిగ్గేసింది. మేనేజరు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే అతను స్నేహితుడికి ఫోన్ చేశాడు.

"రాలేనురా. ఇక్కడే ఖాయమైంది."

"ఇంకోసారి ఆలోచించు. ఈ సీటు వేరేవాడికి ఇచ్చేస్తే, మళ్లీ నా చేతుల్లో ఏమీ ఉండదు."

"బాగా ఆలోచించే చెబుతున్నాను. ఇచ్చేయ్."

"నీ ఇష్టం," అని స్నేహితుడు ఫోన్ పెట్టేశాడు.

ఇంకా ఐదు కాలేదు. డిప్యూటీకి ఒళ్లంతా తేలికైనట్టుంది. ఓ కుర్చీ లాక్కుని హాయిగా వెనక్కి వాలాడు. ఇంతలో మేనేజరు భార్య కాఫీ తెచ్చింది.

"ఇంకో ఎనిమిది పేజీలేనండీ," అన్నాడు కప్పు అందుకుంటూ. "మార్చి దాటితే సార్ పూర్తిగా మీ సొత్తు."

ఆవిడ ఆప్యాయంగా నవ్వింది.

"మీకు ముందున్న డిప్యూటీలు ముగ్గురూ ఇదే మాట అన్నారండీ."