అరైవ్ పుట్టుక

“ముందు ఒక్క మాట చెప్పప్పా. నా తిమోతి బతికే ఉండాడా?”

పాలచెంబు అరుగు మీద పెట్టి కృపమ్మ చేతులు పిసుక్కుంటోంది. పుంగనూరు మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పే రాజరత్నం మాస్టారు నిదానంగా కళ్లజోడు తుడుచుకున్నారు. పోస్ట్‌మ్యాన్ మునెయ్య ఆయన చేతిలో తంతి పెట్టి, సంతకానికి మళ్లీ వస్తానని పక్క వీధికి పోయాడు. పేటలో ఎవరికి తంతి వచ్చినా ఈ అరుగు మీదికే తెస్తాడు. ఇంగ్లీషు చదవగలిగింది ఆయనొక్కరే మరి. కొడుకును యుద్ధానికని పటాలానికి పంపిన కృపమ్మ, మునెయ్య సైకిలు వెంటే పరుగెత్తి వచ్చింది.

తంతిలో మాస్టారికి ముందుగా కావలసింది క్రియ. కర్తా, కర్మా తీరిగ్గా చూసుకునే సంగతులు.

“అరైవింగ్ అని ఉండాది,” అన్నారు.

“అంటే సావు కాదు గదప్పా?”

“తొందరపడితే సదువు రాదమ్మా. చేరుకోవడం అని అర్థం. అది అందురికీ తెలుసు. ఆ మాట యాడ పుట్టిందో తెలుసునా?”

“వాడు యాడుండాడో తెలిస్తే సాలు నాకు.”

“లాటిన్‌లో రీపా అంటే గట్టు. ఓడ వచ్చి గట్టుకు తగలడమే మొదట్లో అరైవ్. ఆమీట నేల మీద నడిచేవాళ్లూ వాడుకున్నారు.”

“అయితే వాడు ఓడెక్కినాడా, దిగినాడా?”

మాస్టారు మురిసిపోయారు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఏ పిల్లవాడూ ఇంత ఆత్రంగా ప్రశ్న అడగలేదు. ఆ ఉత్సాహంలో మాటను రోము నుంచి ఫ్రాన్సుకు, ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకు ఓపిగ్గా నడిపించారు. అది ఇంగ్లండు చేరేసరికి, మదనపల్లె నుంచి కుప్పం పోయే, బొగ్గుతో నడిచే బస్సు వీధి చివర ఆగి, రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది. రోజుకు అదొక్కటే బస్సు.

అప్పుడు మిగతాది చదివారు.

“ఈ పొద్దు సాయంత్రం నాలుగు గంటలకు పటాలం రైలుబండి కుప్పంలో పది నిమిషాలు నిలుస్తుందంట. ఆమీట ఓడెక్కుతాడంట. వచ్చి సూసిపొమ్మంటాండాడు.”

కృపమ్మ బస్సు పోయిన వైపు చూసింది. దుమ్ము కూడా అణిగిపోయింది.

“మొగమన్నా సూసుకుందునే అప్పా,” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏడవద్దమ్మా. బస్సు రేపూ వస్తాది. ఇట్లాంటి మాట పుట్టుక ఎవురు చెప్తారు నీకు?”

మునెయ్య రసీదు కాగితం తీసుకుని మెట్టెక్కాడు.

“ఆమె వేలిముద్ర తీసుకోప్పా,” అన్నారు మాస్టారు, కళ్లజోడు తీసి మడుస్తూ.

“ఆమెది యాల సార్? తంతి మీ పేరున వచ్చుండాదని ఆఫీసులోనే చెప్పినారు,” అన్నాడు మునెయ్య. “పంపింది మీ పెద్దోడు మోషే.”