చూరులో నెమలి

రెండేళ్ల కిందట నెమలి అచ్చును దొంగిలించినప్పుడు కూడా బుచ్చిరాజు ఇంత హడావిడి పడలేదు. ఇప్పుడు సినిమాలో పడబోతున్నాడు మరి.

సినిమా అంటే పాటలూ కత్తియుద్ధాలూ ఉన్నది కాదు. హాల్లో అసలు బొమ్మకు ముందు, జనం ఇంకా సోడాల దగ్గరే ఉండగా ఆడే డాక్యుమెంటరీ. జైలుకు వెళ్లొచ్చినవాళ్ల బతుకుల మీద ఒకటి తీయడానికి మద్రాసు నుంచి శేషగిరిరావు అనే డైరెక్టరు పెడన వచ్చాడు. నెత్తిన టోపీ, మెడలో మఫ్లరు, మూడుకాళ్ల స్టాండు మీద నల్లగుడ్డ కప్పిన పెట్టె. పిడి తిప్పితే ఆ పెట్టె కిర్రుకిర్రుమనేది. దగ్గరికి వెళితే కాఫీ వాసన వచ్చేది. మద్రాసు మనుషులు కాఫీ లేకుండా ఉండలేరు కదా అని ఊళ్లోవాళ్లు సర్దుకున్నారు.

జైలుకు వెళ్లొచ్చినవాడు గంగరాజు. మార్కండేయులు గారి కలంకారీ షెడ్డులో అతను బట్ట మీద అచ్చు వేస్తే పువ్వుకూ పువ్వుకూ మధ్య అతుకు కనిపించేది కాదు. ఆ షెడ్డులోనే తాతల నాటి నెమలి చెక్కఅచ్చు మాయమైంది. గంగరాజు దాన్ని చంకలో పెట్టుకుపోతుంటే కళ్లారా చూశానని మార్కండేయులు బావమరిది బుచ్చిరాజు కోర్టులో ప్రమాణం చేసి చెప్పాడు. ఎప్పటికైనా సొంత షెడ్డు పెట్టాలన్న ఆశతో అచ్చును తన అటక మీద దాచుకుని మరీ చెప్పాడు.

గంగరాజుకు ఏడాది జైలు పడింది. తిరిగొచ్చాక పెడనలో ఒక్కరూ అతన్ని అద్దకం బల్ల దగ్గర నిలబడనివ్వలేదు. అచ్చు పట్టడం తప్ప వేరే పని తెలియని మనిషి. పొలాల్లో కూలికి వెళ్లి, అదీ చేతకాక నానా మాటలూ పడుతున్నాడు.

అలాంటివాణ్ణి దొంగతనం ఎలా చేశావో చేసి చూపించమన్నాడు డైరెక్టరు. గంగరాజు తలొంచుకుని ఒప్పుకున్నాడు. అందరిముందూ ఒక మామూలు చెక్కముక్కను చంకలో పెట్టుకుని నడుస్తుంటే, దొంగేనని నమ్మినవాళ్లు కూడా ముఖం పక్కకు తిప్పుకున్నారు. బుచ్చిరాజుకు మాత్రం నడక నచ్చలేదు. దొంగ అలా నడవడనీ, కాస్త వంగాలనీ సలహా ఇచ్చాడు.

బందోబస్తుకు వచ్చిన హెడ్ కానిస్టేబుల్ కొండలరావు పొద్దుటినుంచీ డైరెక్టరునే చూస్తున్నాడు.

"మిమ్మల్ని ఎక్కడో చూశానండీ."

"పేపర్లలో ఫొటోలు పడుతుంటాయండీ" అన్నాడు డైరెక్టరు మఫ్లరు పైకి లాక్కుంటూ.

మధ్యాహ్నానికి డైరెక్టరు పెదవి విరిచేశాడు. ఉత్త చెక్కముక్కను చూపించి నెమలి అంటే జనం నవ్విపోతారన్నాడు. అసలు అచ్చు దొరికి, అదీ సాక్షి చేతికే దొరికి ఉంటే బుచ్చిరాజు గారి ముఖంతో తెరంతా నింపేవాణ్ణన్నాడు. ఇక లాభం లేదు, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతానన్నాడు.

బుచ్చిరాజు గుండె జారిపోయింది. గ్లాస్కో పంచె కొత్తది కట్టాడు. గుడ్లవల్లేరు, ఘంటసాల చుట్టాలందరికీ కబురు పెట్టాడు. ఇప్పుడు బొమ్మ ఆగిపోతే వాళ్ల ముందు తలెత్తుకునేదెలా?

భోజనాల వేళ దాటాక పరుగున వచ్చాడు. మసి పట్టిన గుడ్డమూట చేతిలో ఉంది. అనుమానం వచ్చి గంగరాజు తాటాకింటి చూరు వెతికితే దొరికిందన్నాడు. ముఖం పెట్టెవైపు తిప్పి ఇంకోసారి చెప్పాడు. పెట్టె కిర్రుకిర్రుమంది.

జనం గంగరాజు మీదికి రాబోయారు. మార్కండేయులు చేయెత్తి ఆపి, మూట విప్పి అచ్చును రెండు చేతులా తీసుకున్నాడు. తాతగారి నెమలి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత వేళ్లవైపు చూసుకున్నాడు. జిడ్డుగా ఉన్నాయి.

"రెండు వానాకాలాలు చూరులో నానిన చెక్క ఇట్టా నిగనిగలాడుతుందేంటి బుచ్చిరాజూ?"

బుచ్చిరాజు అద్దకంవాళ్ల ఇంట పుట్టాడు. అచ్చును కడగకుండా, నూనె పట్టించకుండా పక్కన పెట్టినందుకు చిన్నప్పుడు వీపు విమానం మోత మోగేది. దొంగతనం నడుమ వచ్చిన విద్య. ఇది పుట్టుకతో వచ్చింది. పనిలో తప్పు పట్టేసరికి రోషం పొడుచుకొచ్చింది.

"నూనె పట్టించకుండా ఎట్టా దాస్తాను బావా? పగిలిపోదూ?"

పెట్టె ఒక్కటే కిర్రుమంటోంది.

"మాటలు కూడా స్పష్టంగా పడ్డాయండీ" అన్నాడు డైరెక్టరు.

బొమ్మలో పడ్డాక ఇక బుకాయించి లాభమేముంది? బుచ్చిరాజు కూలబడి అటకతో సహా అంతా చెప్పేశాడు. కొండలరావు కొత్త పంచె నలగకుండా జాగ్రత్తగానే లేవదీసి స్టేషనుకు తీసుకెళ్లాడు.

మార్కండేయులు అచ్చును గంగరాజు చేతిలో పెట్టి, భుజం పట్టి బల్ల దగ్గరికి నడిపించాడు. గంగరాజు వేసిన మొదటి నెమలి కాస్త పక్కకు పడింది. రెండోది అతుకు తెలియకుండా పడింది. చూస్తున్నవాళ్లలో చాలామంది సిగ్గుతో కళ్లు తుడుచుకున్నారు.

పొద్దుగూకే వేళ గంగరాజు ఒక కలంకారీ దుప్పటి పట్టుకుని బస్సు దగ్గరికి వెళ్లాడు. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని డైరెక్టరు నల్లగుడ్డ తీసి పెట్టె మూత తెరిచాడు. లోపల ఒక లుంగీ, పిడికి తగిలించిన కాఫీగింజల మర ఉన్నాయి. దుప్పటిని వాటి మధ్య సర్దాడు.

"ఇంక ఈ పెట్టె పారేయి శేషూ" అన్నాడు గంగరాజు అతని చేయి పట్టుకుని. "దొరికితే మళ్లీ రాజమండ్రి జైలే. ఈసారి పక్క చాప మీద నేనుండను."