క్రేన్ నడుం

గోడౌన్లో అందరూ అతన్ని క్రేన్ అనేవారు. ఫ్రిజ్‌ని వీపున కట్టుకుని పై అంతస్తు దాకా ఎక్కడా ఆగకుండా ఎక్కేవాడు మరి. ఒక మధ్యాహ్నం మెట్ల మలుపులో నడుం పుటుక్కుమంది. ఆ రోజు నుంచి క్రేన్ కాళ్లకి చెప్పులు తొడగాలన్నా పెళ్లాం వంగాల్సిందే.

దెబ్బ పనిలోనే తగిలిందని తేలితే కంపెనీ ఇంటిదగ్గర కూర్చోబెట్టి జీతమిస్తుంది. లేకపోతే ఇంటికి పంపేస్తుంది. అది తేల్చే ఆఫీసరు మంచి మాటకారి.

"నడుంనొప్పి లేనివాడెవడయ్యా? వయసొచ్చినవాళ్లలో ఎవర్ని కదిపినా ఇదే పాట. మా డ్రైవర్‌కుంది, కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయికుంది, నాకూ ఉంది. నువ్వేమో సిగరెట్లు ఊదుతావు, పొట్ట పెంచావు, దిగులుతో నిద్ర మానేశావు. అవన్నీ నడుం మీదికే వస్తాయి. మధ్యలో ఫ్రిజ్ ఏం చేసింది పాపం?"

"ఊదడం నిజమే సార్. ఊదుతూనే ఇన్నేళ్లూ మోశాను కదా," అన్నాడు క్రేన్.

ఆఫీసరు నవ్వాడు. "సరే, చూద్దాం."

బరువు ముట్టుకుంటే మంచానికే అతుక్కుపోతావని డాక్టరు చెప్పాడు. కూతురు చేతులు చాచి, "ఎత్తుకో నాన్నా" అంటే క్రేన్ మొహం తిప్పుకునేవాడు. పిల్ల అలిగి, చివరికి అడగడమే మానేసింది.

ఒక ఉదయం మెల్లగా నడకకి బయల్దేరాడు. వీధిలో నరమానవుడు లేడు. ఎదురుగా వస్తున్న ముసలావిడ కాలు మడతపడి రోడ్డు మధ్యలో కూలబడింది.

"లేవలేకపోతున్నా బాబూ," అని మూలిగింది.

క్రేన్ సాయం కోసం కేకేశాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మలుపు అవతల లారీ వస్తున్న చప్పుడు. ఇక ఆలోచించలేదు. పళ్లు బిగించి, ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తి, పక్కనున్న అరుగు మీద కూర్చోబెట్టాడు.

"చల్లగా ఉండు నాయనా," అందావిడ.

క్రేన్‌కి కళ్లు బైర్లు కమ్మాయి. గోడలు పట్టుకుని ఇల్లు చేరి, మంచమెక్కాడు.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి కబురొచ్చింది. బల్ల మీద ఫొటో. అందులో క్రేన్, అతని చేతుల్లో ముసలావిడ.

"ఎవరో కారులోంచి తీసి పంపారు. నడుం భేషుగ్గానే ఉందే," అన్నాడు ఆఫీసరు.

"ఆవిడ పడిపోయింది సార్. లారీ వచ్చేస్తోంది. చూస్తూ ఊరుకోమంటారా? కావాలంటే ఆవిణ్ణే పిలిపించి అడగండి."

"ఊరినిండా ముసలమ్మలే. ఎక్కడని వెతకను? పనిలోంచి తీసేశాం, వెళ్లు."

క్రేన్ నడుం పట్టుకుని బయటికొచ్చాడు. వరండాలో బెంచీ మీద ఆ ముసలావిడే కూర్చుని ఉంది.

పోయిన ప్రాణం లేచొచ్చింది. దేవుడే సాక్షిని గుమ్మం దాకా తెచ్చిపెట్టాడనుకున్నాడు.

"అమ్మా, నన్ను గుర్తుపట్టారా? లోపలికొచ్చి జరిగింది ఒక్క ముక్క చెప్పండి. మీకు పుణ్యముంటుంది."

ఆవిడ తలొంచుకుంది.

వెనక తలుపు తెరుచుకుంది. ఆఫీసరు కారు తాళాలు ఆడిస్తూ క్రేన్‌ని దాటుకొచ్చి, "పదండత్తయ్యా, ఎండెక్కకముందే ఇంకో వీధిలో పడాలి మీరు," అన్నాడు.